లాగ్‌షీటులో రాయని రిపేరు

నాగప్పన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నువ్వు మెకానిక్‌గా పనిచేసిన మదనపల్లె బస్సు డిపోలో ఈ పొద్దున జరిగింది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

తొంభైల్లో నేను కొత్తగా ఆఫీసరునై వచ్చినప్పుడు, నువ్వు గేటు బయట డ్రైవర్లతో టీ తాగుతూ కూర్చోవడం చూసి మండిపడ్డాను. బండిలో లోపముంటే వాళ్లు లాగ్‌షీటులో రాస్తారు, అది చూసి రిపేరు చెయ్యమన్నాను.

"రాస్తే బండి నిలిపేస్తారు సార్, ఆ దినం డ్యూటీ పోతాది. అందుకే ఎవురూ రాయరు. టీ తాగతా అయితే చెప్తారు" అన్నావు.

నేను వినలేదు, టీ మాన్పించాను. ఆ నెలలోనే కుప్పం బండ్లు రెండు దారిలో ఆగిపోయాయి. రెండు లాగ్‌షీట్లలోనూ "బండి బాగుంది" అనే ఉంది. డిపో నడిచేది నా కాగితాల మీద కాదని అప్పుడు తెలిసింది. ఆ మాట నీతో ఎన్నడూ అనలేదు. మర్నాడు నేనే నీకు టీ చెప్పాను, అంతే.

ఈమధ్య చేరిన మెకానిక్ రమణమ్మను కూడా నేనే టీకొట్టుకి పంపుతున్నాను. మొదట్లో డ్రైవర్లు ఆమె ముందు నోరు విప్పలేదు. ఈ పొద్దున మాత్రం పుంగనూరు బండి డ్రైవరు, "బ్రేకు ఒకపక్కకి లాగతాండాది మా, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడట. ఆమె సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టేసి, అచ్చం నీలాగే, బండి కిందికి దూరింది. అరగంటలో బండి కదిలింది.

సాయంత్రం లాగ్‌షీటు తీసి చూశాను. ఎప్పటిలాగే "బండి బాగుంది" అని రాసుంది.

ఈసారి అది నిజమే నాగప్పన్నా.