ఏ చక్రాలు ఆగాలి?

అమ్మాయ్,

కారుని స్టాండ్ల మీంచి దించకు. రేసు కోసమని నిన్న మీ ఆయన బిగించిన లైన్ లాక్‌లో ఏదో తేడా ఉంది. బటన్ నొక్కితే ముందు చక్రాలు బిగుసుకోవాలి, వెనకవి గిర్రున తిరిగి పొగ రావాలి అన్నావు కదా? అదెలాగో చూద్దామని మనసు ఆగలేదు. ఇంజన్ ఆన్ చెయ్యకుండా మీ మామయ్యను సీట్లో కూర్చోబెట్టాను. బ్రేకు తొక్కి, బటన్ నొక్కి పట్టుకుని, కాలు తీసెయ్యమన్నాను. నేను చక్రాలు చేత్తో తిప్పి చూశాను. ముందువి హాయిగా తిరిగాయి, వెనకవి మొరాయించాయి! నా పుత్రరత్నం దాన్ని వెనక బ్రేకు పైపుకి బిగించినట్టున్నాడు. వాడు లేవగానే చూపించు. నేను చెప్పానని మాత్రం అనకు, మొహం మాడ్చుకుంటాడు. మార్చాక పైపులో చేరిన గాలి తీయడం మర్చిపోకండి. పెడల్ తొక్కడానికి నన్ను పిలుస్తారుగా, ఎప్పుడూ దానికే పిలుస్తారు. మధ్యాహ్నానికి వచ్చేస్తాను.

అత్తయ్య

అన్నట్టు, టైరు వేడెక్కితే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుందన్నావు. అది సీట్లో ఉన్నవాళ్ళకి తెలుస్తుందా? రేసుకి ముందు ఒక్కసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకో. బటన్ మాత్రం నేనే నొక్కుతాను.