నెత్తి మీద తెల్ల చార

జహీరాబాద్,
6-9-1979, గురువారం.

పూజ్యులైన నా భర్తగారికి మణెమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ మామయ్య, అత్తమ్మ, నేను, మీరు పోయేటప్పుడు నాకు అప్పజెప్పిన కుంటి మేక, అందరం క్షేమం. షోలాపూర్‌లో మీరు కూడా క్షేమమనీ, దగ్గు తగ్గిందనీ తలుస్తాను. మిల్లులో దూది దుమ్ము లేస్తున్నప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటున్నారా? మీరు కట్టుకోరు. పక్కవాళ్ళు నవ్వుతారని సిగ్గు మీకు.

ఈ ఉత్తరం పక్కింటి తారాబాయి చేత పోస్టు చేయిస్తున్నాను. జవాబు కూడా ఆమె పేరుకే రాయండి. మన ఇంటికి వచ్చే కార్డు మామయ్య చదువుకుని, అత్తమ్మకు వినిపించి, ఆ తర్వాత నాకిస్తారు. పోయినసారి మీరు నాకు రాసింది నా చేతికి వచ్చేసరికి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది.

మీరు అడిగినవాటికి జవాబు చెప్తాను. ఒంట్లో బాగుందా అన్నారు, బాగుంది. అమ్మకు ఎదురు చెప్తున్నావా అన్నారు. లేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేస్తున్నాను, దానితోనే కడుపు నిండుతోంది. ఆ రోజుల్లో కూడా డార్క్‌రూములోకి పోయిన మాట నిజమేనా అన్నారు. నిజమే, పోయాను. పెండ్లయిన మొదటి నెల నుంచీ పోతూనే ఉన్నాను. తీసుకుపోయింది మీరే కదా! ఎర్ర బల్బు కింద నా చెయ్యి పట్టుకుని, ఫోటోలు కడిగే మందు తట్ట ఎట్లా ఊపాలో నేర్పిన నాడు నన్ను తేదీలు అడిగారా?

నాలుగో మాటకు జవాబు చివర్లో చెప్తాను. దానికి ఇంకా నా చేయి రావడం లేదు.

మామయ్య రాసింది మీరు చదివారు. నేను చూసింది కూడా చదవండి. ఎండాకాలం పెండ్లిళ్ళలో మొదలైంది ఈ పీడ. మన స్టూడియో తీసిన ప్రతి ఫోటోలో పైన, కుడిచేతి వైపు, ఏటవాలుగా ఒక తెల్ల చార. దానికింద ఎవరు నిలబడితే వాళ్ళ నెత్తి మీద పడేది. మొగుడంపల్లి మాణిక్ కొడుకు పెండ్లి ఫోటోలు తెచ్చి బల్ల మీద పరిచి, బజారంతా వినేటట్టు మామయ్య మీద అరిచాడు.

"గిదేం ఫోటో సిద్ధప్పా? మా పిల్లగాని నెత్తి మీద పిడుగు వడ్డట్టున్నది. ఫోటో కోసం మల్ల పెండ్లి చెయ్యమంటవా?"

మామయ్య తట్టలన్నీ చింతపండుతో తోమించారు. మందులు కొత్తవి కలిపారు, బొమ్మను నిలబెట్టే హైపో మార్చారు, బావి నీళ్ళు మాని నల్లా నీళ్ళు పట్టించారు. చార పోలేదు. మాణిక్ చుట్టాలెవరూ మన స్టూడియో మెట్టెక్కడం మానేశారు. అప్పుడు అత్తమ్మకు నేను గుర్తొచ్చాను.

"లింగం కట్టినోళ్లకు ముట్టు లేదు, మైల లేదు అని మా నాయిన చెప్పేటోడు. నిజమే. గానీ ఫోటో మందు లింగం కట్టుకున్నదా?" అంది.

నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే నా పని అయిపోయింది. ఆనాటి నుంచి డార్క్‌రూముకు తాళం, తాళంచెవి అత్తమ్మ బొడ్డులో. నాకు వంటిల్లు, పెరడు, మేక. ఈ ఇంట్లో నేను గొళ్ళెం పెట్టుకుని నా పని నేను చేసుకునే చోటు అదొక్కటే ఉండేది, అదీ పోయింది. ఇప్పుడు ఏ గదిలో ఉన్నా ఎవరో ఒకరు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది.

శ్రావణం నుంచి ఫోటోలు తేటగా వస్తున్నాయని, కోడలు లోపలికి పోవడం మానగానే పీడ విరగడైందని మామయ్య మీకు రాశారు. మీరేమో "పోనీలే, మంచిదే అయింది" అని నాకు రాశారు. ఆ మాట చదివి నాకు ఒళ్ళు మండింది. మీరు ఫోటో పని తెలిసినవారు. మిల్లులో చేరినంత మాత్రాన మరిచిపోయారా? మందు చార ఒకసారి పడిన చోట మరోసారి పడుతుందా? తట్ట ఊపినదాన్ని బట్టి నీళ్ళలాగా ఎటుపడితే అటు పారుతుంది. ఇది ప్రతి ఫోటోలో ఒకే చోట, ఒకే వాలు. ఎండలో తీస్తే ముదురు, లోపల తీస్తే లేత. నెగటివులో చూస్తే అక్కడే నల్లగా ఉంది, కాబట్టి ప్రింటుదీ కాదు. మందులోకి రాకముందే, కెమెరాలోనే ఎక్కడి నుంచో వెలుగు దూరుతోంది. ఈ మాట మామయ్యకు ఎట్లా చెప్పను? ఆయన ఎదుట నేను నిలబడి మాట్లాడనే మాట్లాడను. అత్తమ్మతో చెప్పి చూశాను. "ఓహో! ముప్పై ఏండ్ల కెమెరాకు రెండేండ్ల కోడలు వంక పెడ్తున్నదా?" అంది.

ఇంక దాచలేను. కోపం వస్తే వచ్చింది గానీ, చదివాక రండి.

డార్క్‌రూముకు తాళం పడిన రెండో రోజే, శ్రావణ సోమవారం, వాళ్ళిద్దరూ ఝరాసంగం దర్శనానికి పోయారు. ఎవరైనా ఫోటోల కోసం వస్తే ఇవ్వమని నన్ను ఉంచి పోయారు. నేను కెమెరా ముట్టాను. అవునండీ, మామయ్య రోజూ విభూతి పెట్టి దండం పెట్టే ఆ స్టాండు కెమెరానే, ఈ ఇంట్లో ఆడది తుడవను కూడా తుడవని కెమెరానే ముట్టాను. కిటికీ వెలుగులోకి జరిపి, ముందు మూత పెట్టి, వెనక గాజు పలక తీసి, నల్ల గుడ్డ కప్పుకుని లోపలికి చూశాను. హార్మోనియం తిత్తిలాగా మడతలుంటాయి కదా, ఆ నల్ల తోలు పైమడతలో రెండు సన్నని బెజ్జాలు, ఆకాశంలో చుక్కల్లాగా మెరుస్తున్నాయి.

అవి పురుగు కొట్టినవి కావు. అంచులు మాడి ఉన్నాయి. ఎండాకాలంలో ఊదుబత్తులు గుచ్చే ఇత్తడి గుత్తి విరిగింది చూడండి, అప్పటి నుంచి మామయ్య ఊదుబత్తిని కెమెరా ముందు చెక్క సందులోనే గుచ్చుతున్నారు. నిప్పు రాలేది సరిగ్గా ఆ మడత మీదనే. ఆయన భక్తే ఆయన కెమెరాను కాల్చింది. పైనుంచి దూరిన వెలుగు ఫిల్ము కింది భాగంలో పడుతుంది, కెమెరాలో బొమ్మ తలకిందులు కాబట్టి అది మనుషుల నెత్తి మీదికి వస్తుంది. ఇది మీరు నేర్పిందే.

ఫిల్ము చుట్టి వచ్చే నల్ల కాగితం చిన్న ముక్క చించి, తుమ్మ బంకతో ఆ మడతలో అంటించాను. ఆ రోజు నేను మీరడిగిన "ఆ రోజుల్లో"నే ఉన్నాను. ఆ చేత్తోనే అంటించాను. మరునాటి నుంచి ఫోటోలు అద్దంలాగా వస్తున్నాయి.

ఇంటికి గిరాకీ తిరిగొస్తే చాలనుకున్నాను గానీ, నా మెడకు నేనే ఉరి బిగించుకుంటున్నానని తోచలేదు. చార పోయింది, నేరం మాత్రం నా మీద ఖాయమైంది. ముసురు పట్టినప్పుడల్లా ఆ ముక్క లేస్తుంది. మామయ్య అన్నానికి లేచినప్పుడు దొంగలాగా పోయి నేనే మళ్ళీ అంటిస్తున్నాను. నన్ను ఇంట్లోంచి తోలే సాక్ష్యానికి నేనే బంక పూస్తున్నాను, చూడండి నా బతుకు! నిజం చెబుదామా అంటే, బెజ్జం ఎవరు పెట్టారని అడుగుతారు. పొద్దస్తమానం పొయ్యి దగ్గర ఉండేది నేనే కదా, నిప్పు కూడా నాదే అంటారు.

పోయిన బుధవారం ఓర్వలేకపోయాను. ఆ ముక్క పీకేస్తే నేను వంటింట్లో ఉండగానే చార వస్తుంది, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. మామయ్య కెమెరాను పెరట్లో ఎండకు నిలబెట్టి, ఫిల్ము తేవడానికి లోపలికి పోయారు. నేను కాగితం కొస గోటికింద పట్టాను. అంతలో ఝరాసంగం దిక్కు నుంచి ఈరయ్య అనే రైతు వాళ్ళమ్మ నాగవ్వను ఎత్తుకుని వచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎండిన కట్టెలాగా ఉంది ముసలమ్మ.

"అక్కా, మా అవ్వకు ఒక్క ఫోటో లేదు. దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. జర మంచిగ తియ్యమని చెప్పవా?" అన్నాడు.

ముసలమ్మ నన్ను చూసి కొంగు సర్దుకుంది. "బొట్టు సక్కగ ఉన్నదా బిడ్డా?" అని అడిగింది. నేను కొసను మళ్ళీ అదిమి, పోయి ఆమె బొట్టు దిద్దాను. ఏం చేయనండీ! ఆమె నెత్తి మీద చార వేసి నేను బతకనా? సాయంత్రం ఆ ప్రింటు అత్తమ్మ నా ముఖం ముందు పెట్టింది.

"సూడు, నువ్వు లోపలికి పోకుంటే ముసల్ది ఎంత తేటగ వచ్చిందో!"

నేను బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

ఇప్పుడు నాలుగో మాట. "కొన్నాళ్ళు న్యాల్‌కల్‌లో మీ అమ్మ దగ్గర ఉండు" అన్నారు. తారాబాయిని కూడా వాళ్ళ అత్తవాళ్ళు బీదర్ నుంచి కొన్నాళ్ళకే పంపారు. ఇప్పుడామె తల నెరుస్తోంది, ఇంతవరకు పిలుపు రాలేదు. మన ఇంట్లో ఏం అనుకుంటున్నారో నా చెవులతో విన్నాను. "దసరా కానీ, తోలిద్దాం. మా శివరాజ్ ఎన్నొద్దులు ఒక్కడే ఉంటడు? మా అన్న బిడ్డ ఉండనే ఉన్నది" అంది అత్తమ్మ. మామయ్య వద్దనలేదు. మీరు వద్దంటారా? మీ నాన్న ఎదుట మీకు నోరు పెగలదని నాకు తెలుసు. పెండ్లిచూపుల్లో కూడా నన్ను ఒక్క మాట అడగలేదు మీరు.

అందుకని మిమ్మల్ని మాటలు అడగడం లేదు. దసరాకు సెలవు పెట్టుకుని రండి. ఆయుధ పూజకు కెమెరాను పెరట్లోకి తెస్తారు. మన ఇద్దరికీ ఒక ఫోటో తియ్యమని మామయ్యను అడగండి, అది అడగడానికి ధైర్యం అక్కర్లేదు. నలుగురూ కొబ్బరికాయ కొట్టడం చూస్తుండగా, తిత్తి పైమడతలో చెయ్యి పెట్టి ఆ నల్ల ముక్కను గోటితో గీకెయ్యండి. అంతే, ఒక్క గోరు. ఫిల్మును మామయ్యే కడగాలి. తాళంచెవి అత్తమ్మ దగ్గరే ఉండాలి. నేను అందరి ఎదుట పెరట్లోనే కూర్చుంటాను.

నన్ను మీ ఎడమ పక్కన నిలబెట్టుకోండి, ఫోటోలో అది కుడిచేతి వైపు వస్తుంది. చార ఎక్కడ పడుతుందో నాకు తెలుసు, నేను సరిగ్గా దానికింద నిలబడతాను. ఎవరి ఫోటో చెడిపోయినా వాళ్ళకు నష్టం. ఈ ఇంట్లో చెడిపోవడానికి నా ఫోటో ఒక్కటే మిగిలింది. అది చెడిపోతేనే నేను ఈ ఇంట్లో ఉంటాను.

అప్పటిదాకా ఆ ముక్క ఊడిపోకుండా నేనే చూసుకుంటాను. మీ గోళ్ళు మాత్రం కత్తిరించుకోకండి.

ఇట్లు,
ఇంకా మీ ఇంట్లోనే ఉన్న మీ భార్య,
మణెమ్మ.