రబ్బరు పెట్టి తుడిచిన పేజీలు

జూన్ 3, మంగళవారం
శంషాబాద్. రేకుల గోదాము, నెత్తి మీద విమానాల మోత. దీని పేరు డిజిటల్ గ్రంథాలయ కేంద్రమట! ఊళ్లలో మూతపడ్డ గ్రంథాలయాల పుస్తకాలన్నీ స్కాన్ చేసి, జనం ఇంట్లో కూర్చుని చదువుకునేలా పెడతారట. మేనేజర్ కిరణ్ పుస్తకాన్ని ‘ఐటం’ అంటాడు. ఒక్క పుస్తకమైనా చివరిదాకా చదివిన మొహం కాదు. ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరై, ఇలాంటివాడి కింద పని... నా ఖర్మ.

జూన్ 5
కందుకూరు వైపు నుంచి పెట్టె వచ్చింది. పుస్తకాలా అవి? పసుపు మరకలు, వేలిముద్రలు. పశువుల పెంపకం పుస్తకంలో అయితే మార్జిన్ల నిండా పెన్సిల్ గీతలు — కోడి కెలికినట్టు. లైబ్రరీ పుస్తకంలో గీసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. సర్వీసులో ఉండగా అక్కడే నిలబెట్టి వాళ్లచేతే తుడిపించేదాన్ని. ఆ రబ్బరు ఇప్పటికీ బ్యాగులోనే ఉంది. నలభై పేజీలు తుడిచాను, తర్వాతే స్కాన్‌కి ఇచ్చాను.

జూన్ 6
కిరణ్ నేను తుడిచిన పేజీని పెద్ద తెర మీద వేసి అందరికీ చూపించాడు. పని అంటే ఇలా ఉండాలట. మెచ్చుకోవడానికీ ఓ అర్హత ఉండాలి. అయినా... బాగానే అనిపించింది.

జూన్ 10
మల్లయ్య అని ఒక ముసలాయన వచ్చాడు. ఆ పెట్టె వచ్చిన ఊరే. రెండు బస్సులు మారాడట. కిరణ్ ఫోన్లోంచి తలెత్తలేదు. చదువురాని మనిషికి ఇక్కడేం పనని నేనూ విసుక్కున్నాను. ఆయన భార్య సత్తెమ్మ పెద్ద వయసులో అక్షరాలు నేర్చుకుందట. ఇంట్లో కాగితం ముక్క ఉండేది కాదట. ఏ బర్రె ఎప్పుడు ఈనిందో, ఏ జబ్బుకు ఏ ఆకు నూరి పోసిందో ఆ పశువుల పుస్తకం అంచుల్లోనే రాసుకునేదట. పోయిన ఏడాది చనిపోయింది.

“మా ఇంటామె రాత గా బర్రెల పుస్తకంలనే ఉన్నది మేడం. కంప్యూటర్ల పెట్టిన్రంట గద. నాకు సదువు రాదు, జర మీరే సదివి చెప్పుండ్రి.”

కంప్యూటర్ పనిచేయడం లేదు, సోమవారం రండి అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

జూన్ 11
అసలు పుస్తకం తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాను. పెన్సిల్ నొక్కిన చోట సన్నని గాడి... మొదటి పేజీలో మూడు మాటలు. బొల్లి బర్రె. పొద్దుగాల. దూడ. మిగతాదంతా నున్నగా ఉంది. పని అంటే అలా ఉండాలి మరి, సిగ్గులేనిదానా.

జూన్ 13
కిరణ్‌కి చెప్పాను. పెన్సిల్ గీతలేగా మేడం, పోనీండి అన్నాడు. చీదర వేసింది. ఎవరి మీదో మరి.

జూన్ 16, సోమవారం
పదింటికల్లా వచ్చి కూర్చున్నాడు. ఉతికిన పంచె. పుస్తకమే తెచ్చి ముందు పెట్టాను. ఆ మూడు మాటలూ చదివాను. ముసలాయన ముఖం వెలిగింది. అవును, బొల్లిదే, తెల్లవారుతుండగా ఈనింది, పెయ్యదూడ అన్నాడు. పుస్తకం మీదికి వంగాడు.

“గింతేనా మేడం? అంచు నిండ రాసెటిది.”

చెప్పాలనే అనుకున్నాను. పేజీ తిప్పాను. అక్కడ ఏమీ లేదు. ఆయన కళ్లు మూసుకుని చెవి ఇటు పెట్టాడు... ఏదో ఒకటి చదవడం మొదలుపెట్టాను. వేపాకు అన్నాను, పసుపు అన్నాను. ఆయన తలూపాడు.

ఇంకా ముప్పై ఎనిమిది పేజీలున్నాయి. రేపూ వస్తానన్నాడు.