ఒక్క కప్పు మెషిన్

జూన్ 2

ఇందుమూలంగా రాజోలు ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, మా ఇంట్లో కాఫీ గిన్నెకి ఈ ఉదయం నుంచి శాశ్వత సెలవు మంజూరైంది. కారణం వాసన. పాలు కాగితే పుష్పలతకి కడుపులో తిప్పేస్తోంది.

మా ఆవిడ కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఇంటిపని చేసింది. అందరూ అక్కణ్ణుంచి బంగారం తెస్తే ఈవిడ క్యాన్సర్ తెచ్చుకుంది. కాకినాడ డాక్టర్ గారు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇప్పుడు టాబ్లెట్లూ లోపలికి పోవడం లేదు, నా జోకులూ పోవడం లేదు.

జూన్ 4

ఏం కావాలో కోరుకోమన్నాను. కువైట్‌లో పనిచేసిన మేడమ్ ఇంట్లో పాడ్ కాఫీ మెషిన్ ఉండేదంట. చిన్న డబ్బీలాంటి పాడ్ పెట్టి బటన్ నొక్కితే సరిగ్గా ఒక్క కప్పు వస్తుందంట. రోజూ నొక్కేది ఈవిడ, తాగేది మేడమ్. ఒక్కసారి ఎవరైనా నొక్కి నా చేతికిస్తే తాగాలనుందండీ అంది.

దానికన్నా హెలికాప్టర్ సులువు అన్నాను. నవ్వలేదు.

జూన్ 5

అమలాపురం వెళ్ళేను. షాపులో ఉన్నది పాలు నురగ కొట్టే మెషిన్, మా టీవీ అంత ఉంది. చిన్నది ఫోన్‌లో చూపించేరు. ఇటుక నిలబెట్టినంత. ఆర్డర్ పెట్టాలి.

ఇంట్లో ఎంతమంది సార్ అని అడిగేడు సేల్స్ అతను. ఇద్దరం అన్నాను. అయితే పెద్దదే తీసుకోండి, ముందుముందు పనికొస్తుంది అన్నాడు. మందుల బల్ల మీద పట్టాలి, మంచం మీంచి ఆవిడకి కనపడాలి. పాలు అక్కర్లేదు. చిన్నదే పెట్టించేను.

మా మరదలు శారోన్ టీచరు. బావగారూ, పదో క్లాసు తప్పినోళ్ళకి అలాంటి మెషిన్లు పలకవంటండీ అంది. నేను పది దాకా ఎక్కడొచ్చేనమ్మా, ఎనిమిదిలోనే దిగిపోయేను, నాకు పలుకుద్దిలే అన్నాను.

జూన్ 9

రాలేదు. గంజి రెండు చెంచాలు తాగింది.

జూన్ 11

వచ్చింది! కూడా పది పాడ్లు. రేపు పొద్దున్న తల దువ్వించుకుని, మంచి చీర కట్టుకుని తాగుతానంది పుష్పలత.

సాయంత్రం వర్షంలో తడుస్తూ స్త్రీల కూడిక వాళ్ళు వచ్చేరు, కృపానందం పాస్టర్ గారితో సహా. ఆవిడ కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసేరు. అలాంటివాళ్ళని వట్టి నోటితో ఎలా పంపుతాం? పాలు కాచడానికి లేదు. షోడాలు తెస్తానన్నాను. ఇంత చలిలో షోడా ఏంటండీ, కాఫీ ఇవ్వండి అని పుష్పలతే అంది. పడుకునే డ్యూటీ ఎక్కేసింది. నీళ్ళు పొయ్యండి, ఇప్పుడు నొక్కండి, ముందు పెద్దావిడకివ్వండి.

పాస్టర్ గారు ఆయ్, భలే ఉందండీ, ఇంకోటి అన్నారు.

వాళ్ళు వెళ్ళేక డబ్బాలోకి చూసుకున్నాం. ఖాళీ.

నా మొహం చూసి, కొత్తవి వచ్చేక తాగుతాన్లెండి అంది. కొత్తవాటికి వారం పైనే పడుతుందంట.

జూన్ 14

గంజి కూడా ఆగలేదు.

జూన్ 16, పొద్దున్న

పాడ్లు రాలేదు. ఆవిడ ఆగేలా లేదు. వాడేసిన పాడ్ ఒకటి కడిగి, మామూలు కాఫీ పొడి కూరి, పైన ఫాయిల్ అంటించేను. పెళ్ళిలో తోడల్లుడి లడ్డూలో కారం కూరిన చేతులివి. బటన్ నొక్కేను. గుర్రుమని ఒక్క కప్పు వచ్చింది. లేపి కూర్చోబెట్టి తాగించేను. మేడమ్‌ది కూడా ఇలాగే కమ్మగా వాసనొచ్చేదండీ అంది. నవ్వింది. మోసం కనిపెట్టలేదు.

జూన్ 19

పాడ్లు వచ్చేయి. పుష్పలతకి మొన్ననే భూస్థాపన అయిపోయింది.

పాస్టర్ గారు ఆవేళ రెండో కప్పు అడగలేదు. అది కోపంతో రాసేను. వచ్చినవాళ్ళే పదిమంది.

పాడ్‌లో పొడి కూరడం నిజం. కాఫీ రావడం నిజం. ఆవిడ తాగడం, నవ్వడం నేను కల్పించినవి. మెషిన్ గుర్రుమనగానే కళ్ళు మూసుకునే మంచం మీంచి లేవబోయింది. వస్తున్నా మేడమ్ అంది. అదే ఆఖరి మాట.