ఇంకా లోతుకు

మహబూబ్‌నగర్,
ఆగస్టు 1988

మీకు నమస్కరించి కౌసల్య రాయడం. ఇక్కడ నేను కులాసా. భిలాయిలో మీరు వేళకు తింటున్నారనే అనుకుంటాను, నమ్మకం మాత్రం లేదు.

దగ్గు తగ్గిందా అని అడిగారు, తగ్గింది. ఇంటి ఓనరు లాడ్లీ బేగం గారు "మీ ఆయనకు రాయి బిడ్డా, జర పాణం పైలమని" అంటున్నారు. ఇక, సెలవైనా పెట్టకుండా అమ్రాబాద్ ఎందుకు పోయావని కోప్పడ్డారు. మొత్తం చెబుతాను, ఓపిగ్గా చదవండి.

దూరవిద్య డిగ్రీ పిల్లలకు నేను రేడియోలో పాఠం చెబుతాను కదా. వాళ్లు దినచర్య రాసి పోస్టులో పంపితే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపాలి. అందరూ ఏం తిన్నారో, ఎప్పుడు లేచారో రాసేవాళ్లు. విసుగెత్తి, "రోజూ కాసేపు ఒంటరిగా కూర్చోండి. మీ ఆత్మ ఏం చెబుతుందో విని రాయండి" అన్నాను. మనసు అంటే సరిపోయేది. మైకు ముందు కూర్చుంటే నాకు పెద్ద మాటలు వస్తాయని మీకు తెలుసు.

అమ్రాబాద్‌లో మేకలు కాస్తూ చదువుకునే గుర్వమ్మ, "బాయి గడ్డ మీద కూసున్న. ఆత్మ మాట్లాడింది" అని రాసింది. మురిసిపోయి, "ఇంకా లోతుకు దిగాలి" అని కింద రాశాను. తర్వాతి ఉత్తరంలో, "మీరు చెప్పినట్టే దిగిన. మోకాళ్ల దాక నీళ్లు" అని ఉంది. కవిత్వమనుకుని, "బాగుంది, ఇంకా" అన్నాను. ఆ తర్వాత వచ్చింది తడిసి ఆరిన కాగితం. "గదుమ దాక వచ్చినయ్ మేడం. ఇంకొక్క మెట్టు దిగితే అమ్మ చెయ్యి అందుతది."

అది కవిత్వం కాదని అప్పుడు అర్థమైంది. దొరికిన బస్సు ఎక్కాను.

ఊరి బయట మెట్లబావి దగ్గరే దొరికింది. వాళ్ల అమ్మ పడి చనిపోయింది అందులోనేనట. పిల్ల లంగా అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. రెక్క పట్టుకుని, ఆత్మ అంటే చచ్చిపోయినవాళ్లు కాదు, నీ మనసేనని చెప్పాను.

"గట్లయితే మా అమ్మ ఒక్కసారి గూడ రాలేదా మేడం?"

ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను. "వచ్చింది. నువ్వు ఇక దిగొద్దని నాతో చెప్పింది" అన్నాను. దిగనని నా చేతిలో చెయ్యి వేసింది.

ఇక్కడిదాకా మామూలుగానే రాశాను. ఇక్కడ కలం కింద పెట్టి మళ్లీ పట్టుకున్నాను. నేను బస్సు కోసం బయలుదేరుతుంటే ఆ పిల్ల వెనక నుంచి పిలిచింది.

"మేడం, మీరొస్తరని అమ్మ నిన్ననే చెప్పింది. మీ పాప గూడ ఆమె కాడనే ఉన్నదట. ఏడుస్తలేదట. ఫికర్ చెయ్యొద్దన్నది."

పేరైనా పెట్టకముందే పోయిన మన బిడ్డ సంగతి ఈ జిల్లాలో ఎవరితోనూ నేను అనలేదు. మీరు ఎవరితోనైనా అన్నారా? గుర్తు చేసుకోండి. అనకపోయినా సరే, అన్నానని ఒక్క ముక్క రాసి పంపండి. లేకపోతే నేను మళ్లీ ఆ బస్సు ఎక్కేస్తానండీ.

ఇట్లు,
మీ ఇల్లాలు,
కౌసల్య