దేనికోసం అన్న గడి

మార్చి 4, మంగళవారం

టీకొట్టు ఆవిడ కూడా లొంగిపోయింది. ఈ బజారులో గాలి డబ్బుకి చివరిదాకా ఎదురు నిలిచిన మొండిఘటం ఆవిడే. కాగితం నోట్లు ఆపేసి డబ్బంతా ఫోన్లలోకి పంపిస్తామని సర్కారు చెప్పిన రోజున, కనపడని డబ్బుకి కనపడని టీ పోస్తానని బజారంతా వినేలా అంది. ఇవాళ చూస్తే గిన్నె పక్కన నల్లచుక్కల అట్ట వేలాడుతోంది. ఏదమ్మా కనపడని టీ అని అడిగాను. రోజూ నువ్వు తాగేది అదేగా, అందులో పాలు ఎప్పుడైనా కనపడ్డాయా అంది. ఈసారి ఆవిడే గెలిచింది. ఇలాంటిది నాకు ఏడాదికొక్కసారి జరుగుతుంది.

ఈ గాలి డబ్బులో నాకు నచ్చిందొకటి ఉంది. ఎవరికి పంపినా, పంపే ముందు ఒక గడి వస్తుంది. దేనికోసం? అని అడుగుతుంది. నింపకపోతే డబ్బు కదలదు. నేను ఏడో క్లాసులో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఇన్నేళ్ళ బతుకులో ఏ సర్కారూ నన్ను దేనికోసం అని అడిగిన పాపాన పోలేదు. అడిగాక చెప్పకుండా ఉంటానా.

టీకొట్టు ఆవిడకి రాశాను: విషం, చక్కెర తక్కువ.

మా ఆవిడకి కూరగాయల డబ్బు పంపుతూ రాశాను: నోరు మూసుకున్నందుకు లంచం. చాలదు అని రాసి తిరిగి పంపింది.

మార్చి 9, ఆదివారం

బావ ముఖంలో ఇవాళ ఏదో కదిలింది. సంతోషం కావచ్చు. బావ విషయంలో గట్టిగా చెప్పలేం.

మా అక్క మొగుడు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి. నేను అదే వీధిలో, పెద్ద షాపుల మెట్ల కింద కూర్చుని సంచులకి, సూట్‌కేసులకి జిప్పులు వేస్తాను. అంటే ఆయన మొహం నాకు రోజంతా ఎదురుగానే. నవ్వితే పన్ను పడుతుందేమో అన్నట్టుండే మొహం. బావమరిది అన్నవాడు బావని ఏడిపించకపోతే ఆ వరసకే అర్థం లేదు కదా. పెళ్ళయిన కొత్తలో ఆయన కోటు జేబులన్నీ కుట్టేశాను. మొన్నటికి మొన్న బండికి అట్ట కట్టాను, ముడతలు పడ్డ మొహాలకు కూడా ఇస్త్రీ చేయబడును అని. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన అట్ట విప్పి, చక్కగా మడిచి, నాకే తెచ్చిచ్చాడు.

విషయం ఏమిటంటే మూల మీద షట్టర్ గది ఖాళీ అయింది. వానొస్తే బట్టల మీద ప్లాస్టిక్ కప్పి, తను మాత్రం తడుస్తూ నిలబడే మనిషికి గది అంటే మాటలా. శుక్రవారం సాయంత్రంలోగా అడ్వాన్స్ కట్టాలి. ఎవరి పేరున గదో వాళ్ళ ఫోను పర్సులోంచే రావాలని ఓనరు షరతు. ఫోను కవర్లు అమ్మేవాడొకడు కాచుకుని ఉన్నాడట. బావకి కొంచెం డబ్బు తగ్గింది. అక్క నన్ను అడగలేదు. అడగలేదు కాబట్టే నేను ఇస్తానన్నాను.

మార్చి 13, గురువారం, మధ్యాహ్నం

బావకి డబ్బు పంపాను. ఇంత పెద్ద మొత్తం నేను ఎవరికీ పంపలేదు. ఉత్తినే పంపితే మనసొప్పుతుందా. కాసేపు ఆలోచించి గడిలో రాశాను:

మనం వేసేసినవాడి తాలూకు నీ వాటా. మిగతాది శవం దొరకకపోతే.

పక్కనున్న గొడుగులవాడి సూట్‌కేసు జిప్పు బాగుచేస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. మెట్లు దిగేవాళ్ళు వింతగా చూశారు.

అదే రోజు, సాయంత్రం

మీ పర్సు విశ్రాంతిలో ఉంది అంటోంది ఫోను.

ముందు నాకే ఎవడో ఝలక్ ఇచ్చాడనుకున్నాను. టీకొట్టు దగ్గర పెట్టి చూశాను. విశ్రాంతిలో ఉంది. మా ఆవిడ నొక్కి చూసింది. విశ్రాంతిలో ఉంది. అప్పుడు అక్క ఫోన్ చేసింది. బావ పర్సు కూడా విశ్రాంతిలో ఉందట. నేను పంపింది ఆయనకి చేరలేదు. ఆయన కూడబెట్టుకున్నది బయటికి రాదు. గడిలో ఏం రాశావురా అని అడిగింది. నాకు గదిలో అని వినపడింది; ఆమె అడిగింది షట్టర్ గది గురించి కాదు, ఫోనులో గడి గురించి. చదివి వినిపించాను. అక్క నవ్వలేదు.

మార్చి 14, శుక్రవారం

సహాయ కేంద్రానికి వెళ్తే సోమవారానికి టోకెన్ ఇచ్చారు.

అక్క ఇంట్లో దాచిన పాత కాగితం నోట్లు పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్ళింది. ఈ కాగితాలు నేనేం చేసుకోను, బీరువాలో పరుచుకోనా అన్నాడట. మా ఆవిడ తన పర్సులోంచి కడతానంది. గది ఎవరి పేరునో పర్సు వాళ్ళదే కావాలన్నాడు. పైగా పర్సు మూయించుకున్న మనిషితో వ్యవహారం తనకెందుకన్నాడు. చీకటి పడక ముందే ఫోను కవర్లవాడు షట్టర్ ఎత్తాడు. లోపల రంగురంగుల లైట్లు. బావ తన బండి దగ్గర నిలబడి ఆ లైట్ల వెలుగులో ఎవరిదో ప్యాంటు ఇస్త్రీ చేశాడు. మడత ఒక్క వెంట్రుక వాసి కూడా పక్కకి పోలేదు.

మార్చి 17, సోమవారం

సహాయ కేంద్రంలో ఒక అమ్మాయి, ఒక స్క్రీను. నా వాక్యం చదివి పెదాలు బిగపట్టింది. నవ్వాపుకుంటోందని తెలిసి నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఇది తమాషాకే రాశారని తనకి తెలుస్తోందట. కానీ తనకి తెలిస్తే సరిపోదట, మెషీనుకి తెలియాలట. అందుకు ఇద్దరూ చెప్పాలి, పంపినవాడూ, పుచ్చుకునేవాడూ. ఇద్దరి ఫోన్లలోనూ ఒక ప్రశ్న ఉంటుంది. ఇది హాస్యమా? అవును, కాదు. బొటనవేలు పెట్టాలి.

నేను అక్కడే అవును అని పెట్టేశాను. బావ తరఫున కూడా నన్నే పెట్టమంటారా అన్నాను. ఒకరి నవ్వు ఇంకొకరు నొక్కకూడదండీ అంది.

మార్చి 19, బుధవారం

బావ నొక్కలేదు.

మార్చి 21, శుక్రవారం

బస్సు గేటు తెరుచుకోదు. నడుస్తున్నాను. మెట్ల పక్కన మరుగుదొడ్డి గేటు కూడా ఫోను చూపిస్తేనే తెరుచుకుంటుంది. కాబట్టి పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగడం మానేశాను. టీకొట్టు ఆవిడ విషం ఉచితం, తాగు అంది. జాలిపడి పోసిన టీ నాకు గొంతు దిగదు. దెప్పితే దిగేది.

జిప్పులు వేయించుకున్నవాళ్ళు ఇచ్చేది మా ఆవిడ పర్సులో పడుతోంది. ఇంతకాలం నేను రోజుకి ఎంత సంపాదిస్తానో దేవుడికి కూడా తెలియనివ్వలేదు. ఇప్పుడు ప్రతి జిప్పుకీ ఆమె ఫోను మోగుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే, మూడింటప్పుడు గంటసేపు ఏం చేశావు, ఒక్క జిప్పూ పడలేదే అంది. నాకు ఏం కొనాలన్నా ఆమే కొంటుంది. గడిలో ఏం రాస్తోందో చూశాను. మా ఆయనకి సబ్బు. మా ఆయనకి చెప్పుల పట్టీ. పిల్లల సామాన్లలా రాస్తోంది.

ఇదే వీధి, ఇవే మెట్లు. గోడ ఒక్కటి కూడా కొత్తగా లేవలేదు. కానీ ఎటు వెళ్ళినా ఏదో ఒక గేటు ముందు ఆగిపోతున్నాను.

అక్కకి ఫోన్ చేశాను. బావ నిద్రపోతున్నప్పుడు మెల్లగా ఆయన బొటనవేలు తీసి పెట్టించవే అన్నాను.  ఫోన్ పెట్టేసింది.

మార్చి 24, సోమవారం

పాత హ్యాండ్‌బ్యాగు ఒకటి వచ్చింది. జిప్పు విప్పితే లైనింగు చిరుగులోంచి ఒక కాగితం నోటు బయటపడింది. ఆ బ్యాగు తెచ్చినావిడకి ఇస్తే, నాకెందుకు, మీరే ఉంచుకోండి అంది. ఒళ్ళు పులకరించింది. మూణ్ణెల్ల కిందటిదాకా ఇదే డబ్బు. ఫోనులో ఉన్నదాన్ని గాలి డబ్బు అనేవాళ్ళం. ఇప్పుడు గాలి డబ్బుని డబ్బు అంటున్నారు, డబ్బుని కాగితం అంటున్నారు. ఎప్పుడు మారిందో నాకు తెలియనే తెలియదు.

టీకొట్టుకి పరిగెత్తాను. ఆవిడ నోటుని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పోయినవాళ్ళ ఫొటో చూసినట్టు చూసింది. తర్వాత నా జేబులోనే పెట్టి టీ పోసింది.

మార్చి 27, గురువారం

బావ దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ నేర్పి పంపింది. తప్పయిపోయింది బావా అను, నోరు మూసుకో, ఆపైన ఒక్క ముక్క కలిపావంటే ఇంటికి రాకు అని.

బావ ఒక తెల్ల చొక్కా కాలరు మీద ఉన్నాడు. అక్క పక్కన బట్టలు మూటలు కడుతోంది. నేను ఎదురుగా నిలబడి తప్పయిపోయింది బావా అన్నాను. అక్కడితో ఆగాలి. నోరు ఆగలేదు. శవం మీద ఒట్టు అని కలిపాను.

బావ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. గొంతు పెంచలేదు.

"నాకు నవ్వు రాలేదురా. ఆ ఫోను హాస్యమా అని నన్ను అడుగుతోంది. రాని నవ్వు వచ్చిందని ఎలా నొక్కను?"

ఇన్నేళ్ళలో ఎప్పుడైనా వచ్చిందా బావా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. ఆయన నిజంగానే ఆలోచించాడు. మడతల్లో పోయిన గుండీ వెతుకుతున్నట్టు చాలాసేపు ఆలోచించాడు. లేదు, ఒక్కసారి కూడా రాలేదు అన్నాడు.

మరి ఇంతకాలం ఎందుకు ఊరుకున్నావన్నాను.

"మీ అక్క నవ్వేది."

మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. అక్క మూట ముడి వేస్తోంది. వేసిన ముడే విప్పి మళ్ళీ వేస్తోంది.

మార్చి 28, శుక్రవారం

ఇంటికి వెళ్తే మా ఆవిడ ఏమన్నావని అడగలేదు. మొహం చూసి అన్నం పెట్టింది.

ఏప్రిల్ 1, మంగళవారం

ఎవరినీ ఏమీ చేయలేదు. పొద్దున్నుంచి బజారంతా నన్ను అనుమానంగా చూసింది. సాయంత్రానికి చూడడం మానేసింది.

ఏప్రిల్ 2, బుధవారం

పర్సు తెరుచుకుంది.

పొద్దున బస్సు గేటు ముందు అలవాటుగా ఫోను చూపించాను. తెరుచుకుంది. లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడిపోతే వెనకవాడు తోశాడు.

అక్కకి ఫోన్ చేశాను. రాత్రి అన్నం తింటూ బావ ఆమెని అడిగాడట, ఒక్క అబద్ధం ఆడితే పర్వాలేదా అని. పర్వాలేదంది. ఎడమ చేత్తో ఫోను అందుకుని, అవును అని నొక్కి, చేతులు రెండూ కడుక్కుని వచ్చి మళ్ళీ తినడానికి కూర్చున్నాడట. నేను పంపిన డబ్బు ఆయనకి చేరింది. దేనికని చేరింది? షట్టర్ గదిలో ఫోను కవర్లవాడి రంగు లైట్లు తిరుగుతున్నాయి.

మనం గెలిచాం అని ఎవరికైనా చెప్పాలనిపించింది. మనం అంటే ఎవరో తేలలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇప్పుడు గడిలో టీ కొన్నప్పుడు టీ అని రాస్తున్నాను. సబ్బు కొన్నప్పుడు సబ్బు. టీకొట్టు ఆవిడ ఫోను తిప్పి చూపించింది. ఇదేంటి, నీకు ఒంట్లో బాలేదా అంది. బాగానే ఉన్నానన్నాను. నీ విషానికే నా టీ బాగుండేది అంది. పోనీ ఒక్కటి రాయమని బతిమాలింది. వేలు గడి మీద పెట్టాను. గేట్లన్నీ గుర్తొచ్చాయి. టీ అని రాశాను.

బావ రోజూ ఎదురుగానే ఉంటాడు. నేను ఇటు చూస్తే ఆయన అటు. నిన్న వాన పడింది. ఆయన బట్టల మీద ప్లాస్టిక్ కప్పి పక్కన నిలబడ్డాడు. నా దగ్గరికి మళ్ళీ జిప్పుకి వచ్చిన గొడుగులవాడి సూట్‌కేసు నిండా గొడుగులే. ఒక్కటి పట్టుకెళ్ళి ఇస్తే సరిపోయేది. దాన్ని కూడా తమాషా అనుకుంటాడని భయమేసింది.

ఏప్రిల్ 11, శుక్రవారం, ఉదయం

ఫోను మోగింది. బావ. నేను పంపిన మొత్తం, పూర్తిగా, తిరిగి పంపాడు.

దేనికోసం: శవం దొరికింది.

నా పర్సు మళ్ళీ విశ్రాంతిలో ఉంది. ఆయనది కూడా ఉంటుంది. అలా అవుతుందని తెలిసే రాశాడు. తెలియకుండా ఒక్క గుండీ కూడా నొక్కే మనిషి కాదు.

అదే రోజు, మధ్యాహ్నం

ఇది హాస్యమా? అంటోంది. అవును. కాదు.

వీధి మొదట్లో బావ ఒక దుప్పటి మడత పెడుతున్నాడు. తలెత్తడం లేదు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగి ఉంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో వెనకనుంచి తెలియడం లేదు.

నాకైతే నవ్వు రాలేదు.

బొటనవేలికి జిప్పు మైనం అంటుకుంది. తుడుచుకున్నాను. ఇంకా నొక్కలేదు.