మిగతా వార్త బీరువాలో

1997 జనవరి 20

తెలుగు అయివారు పద్మనాభయ్య ఈరోజు టెన్త్ పిల్లలకు చెప్పాడు. రోజూ ఒక్క ముక్కయినా డైరీ రాయండి, ఎవరికీ చూపించొద్దు, అబద్ధాలు రాయొద్దు అని. అందరూ సరే సార్ అన్నారు. ఒక్కతి కూడా రాయదు. నేను తలుపు దగ్గర కుండలో నీళ్లు పోస్తూ విన్నాను. ఆరో క్లాసులో బడి మానేసిన దాన్ని. నాకెవరైనా హోంవర్క్ ఇచ్చి ఎన్నేళ్లయిందో. అందుకే నేను రాస్తున్నా. అబద్ధాల విషయంలో మాత్రం మాట ఇవ్వలేను.

నా పేరు సంజీవమ్మ. జమ్మలమడుగులో ఆడపిల్లల హైస్కూల్లో అటెండర్ని. గంట కొడతాను, గేటు తీస్తాను, హెచ్చెమ్ నాగరత్నమ్మ మేడం టేబుల్ తుడుస్తాను. ఖాళీ దొరికితే ఎవరినో ఒకరిని ఏడిపిస్తాను. ఈరోజు సైన్స్ టీచర్ సుశీలమ్మకు రెండూ ఎడమ చెప్పులు, డ్రిల్ టీచరుకు రెండూ కుడి చెప్పులు పెట్టాను. ఒకే రంగు చెప్పులు కొన్నందుకు శిక్ష. సుశీలమ్మ బస్టాండు దాకా కుంటుకుంటూ పోయి, కాలు వాచిందేమోనని డాక్టరుకు చూపించుకుందట.

జనవరి 21

పేపర్ల సంగతి రాయాలి. పొద్దున ప్రేయర్‌లో ఒక పిల్ల వార్తలు చదువుతుంది. మా దగ్గర పార్టీలు రెండు, పేపర్లు రెండు. ఏ పేపర్ చదివితే ఆ పార్టీ స్కూలంటారు. అందుకని మేడం ఒక పద్ధతి పెట్టింది. సోమ, బుధ, శుక్ర ఒక పేపర్. మంగళ, గురు, శని ఇంకోటి. ఆదివారం పేపర్లో పడిన ఘోరాలకు మా స్కూల్లో దిక్కులేదు.

చదివేది టెన్త్ మీనాక్షి. తాలూకాఫీసు క్లర్కు రామం గారి కూతురు. మైకు అక్కర్లేని గొంతు. ఆ పిల్ల చదువుతుంటే వీధిలో ఇడ్లీలమ్మే ఆమె కూడా గరిటె ఆపి వింటుంది.

జనవరి 23, గురువారం

మీనాక్షి ముందుగా చూసుకోకుండా చదివేసింది. బాంబులతో పట్టుబడిన సిద్దయ్య, ఫలానా నాయకుడి అనుచరుడు, కడప జైలుకు తరలింపు. ఊరి పేరు కూడా చదివింది. ఊరి పేరు నోట్లోంచి వచ్చాక గానీ ఆ పిల్లకు తెలియలేదు, ఆ సిద్దయ్య కూతురు గంగులమ్మ తన బెంచీలో తన పక్కనే కూర్చునే పిల్ల అని.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గంగులమ్మ లైనులోంచి బయటికి వచ్చింది. క్లాసులోకి పోయి బ్యాగు తెచ్చుకుంది. గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. నేనే తీశాను.  

తర్వాత మేడం టేబుల్ తుడుస్తూ రెండో పేపర్ చూశాను. అందులో సిద్దయ్య అమాయకుడు. గొర్రెలు తోలుకొస్తుంటే పట్టుకుని ఇరికించారట. ఈరోజు బుధవారం అయ్యుంటే ఆ పిల్ల క్లాసులో కూర్చుని ఉండేది.

జనవరి 24

ప్రేయర్‌లో వార్తలు బంద్. మేడం ఆర్డర్. మీనాక్షి నోరు కూడా బంద్.

ఫిబ్రవరి 6

గంగులమ్మ రావడం లేదు. టెన్త్ పరీక్ష ఫీజు కట్టేసింది, అయినా రాదంటున్నారు. మీనాక్షి అటెండెన్స్‌కు ఎస్ మేడం అని కూడా అనదు, చెయ్యెత్తుతుంది.

పద్మనాభయ్య సారు లైబ్రరీ బీరువా తెరిపించి, సెలవులకు ముందైనా ఒక్కో పుస్తకం చదవండమ్మా అని క్లాసు క్లాసుకూ తిరిగాడు. ఎవరూ తీసుకోలేదు. ఉండబట్టలేక, ఏంది సార్, ఎలుకలైనా చదువుతాండాయిలే అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. మూల బోర్డు మీద ఫీజు నోటీసు అంటిస్తే కూడా పదిసార్లు చెప్పాలి సంజీవమ్మా, ఈ పిల్లలు గోడ మీది అక్షరం కూడా చూడరు అన్నాడు.

ఆ మాట నన్ను గిల్లింది.

ఫిబ్రవరి 7

పొద్దున్నే వచ్చి ఫీజు నోటీసు చించి, బోర్డు మీద చాక్‌పీసుతో రాశాను:

ముఖ్యాంశాలు. నిన్న మూడో పీరియడ్‌లో సైన్స్ టీచర్ గదిలో భారీ గురక. నిందితురాలు కుర్చీలోనే ఉన్నట్టు సమాచారం. పోలీసులు గాలిస్తున్నారు.

ప్రేయర్ గంట కొట్టినా ఒక్కతి కూడా లైనులోకి రాలేదు. అందరూ బోర్డు దగ్గరే. ఆరో క్లాసు పిల్లలు టెన్త్ వాళ్ల చంకల కింద నుంచి దూరి చదువుతున్నారు. సుశీలమ్మ చూసి ముఖం ఎర్రగా చేసుకుని మేడం దగ్గరికి పోయింది.

మేడం పిలిచింది. పోయింది ఉద్యోగం అనుకున్నా. మేడం కళ్లద్దాలు తుడుచుకుంటూ, పార్టీ మాట రాయొద్దు, ఎవరి నాయన పేరూ రాయొద్దు, మిగతాది నీ ఇష్టం అంది. అద్దాలు తుడవడం నవ్వు దాచడానికేనని నా అనుమానం.

ఫిబ్రవరి 10

సుశీలమ్మ నన్ను పక్కకు పిలిచింది. మూడు దినాలాయె, నా వార్త లేదే, ఏం సంజీవమ్మా, నేనేమన్నా చచ్చిపోయినానా అని అడిగింది.

ఫిబ్రవరి 13

పేపర్లో వార్త సగం రాసి, మిగతా నాలుగో పేజీలో అంటారు కదా. నేనూ అలాగే రాశాను:

బావిలో పడిన పిల్ల. పైన తాడు పట్టుకున్న వాడు సొంత మేనమామ. అతను తాడు లాగాడా, వదిలాడా? మిగతా వార్త బీరువాలో, మూడో అరలో, పచ్చ అట్ట పుస్తకంలో.

మధ్యాహ్నం అన్నం గంటకు బీరువా దగ్గర తోపులాట. పచ్చ అట్టవి నాలుగున్నాయి. నాలుగూ పోయాయి.

ఫిబ్రవరి 17

టెన్త్ పిల్లలు ముగ్గురు కొంగు పట్టుకుని నిలేశారు. అక్కా, నాలుగు బుక్కులూ తిరగేసినాము, యాడుంది ఆ పిల్ల, బావే లేదే అన్నారు. ఆఖరు దాకా చదివినారా అని అడిగాను. చదివినామన్నారు. అయితే నాదే తప్పు, పచ్చది కాదు, నీలం అట్ట అన్నాను. నీలం అట్టవి పదకొండు ఉన్నాయి.

పద్మనాభయ్య సారు కూడా మొన్న ఇంటికి రెండు పట్టుకుపోయాడు. తెల్లవారి వచ్చి, సంజీవమ్మా, నిజం చెప్పు, ఆ పిల్ల అసలు ఏ బుక్కులోనన్నా ఉందా అన్నాడు. నన్ను అడుగుతాండారా సార్, బుక్కులు చదివేటోల్లు మీరు గదా అన్నాను.

ఫిబ్రవరి 20

సాయంత్రం బోర్డు తుడవబోతే మెహబూబున్నీసా చెయ్యి పట్టుకుంది. మైలవరం డ్యాంలో చేపలు పట్టి అమ్మే ఖాజా కూతురు, తొమ్మిదో క్లాసు. అక్కా, అప్పుడే తుడపాకు, నేనింకా రాసుకోలేదు అంది. దేనికి పాపా, చేపలు చుట్టి ఇస్తాడా మీ నాయన అన్నాను. కాదక్కా, గంగులమ్మకు అంది.

రోజూ రాసుకుంటుందట. బస్సు గంగులమ్మ ఊర్లో ఆగినప్పుడు కిటికీలోంచి ఇస్తుందట. గంగులమ్మ గొర్రెల దొడ్డి దగ్గర గట్టిగా చదువుతుందట. వాళ్లమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్లు కూర్చుని వింటారట.

తుడవలేదు. ఇంకా రెండు వార్తలు కలిపాను.

ఫిబ్రవరి 21

ఒక ఆలోచన పట్టుకుంది. నా బోర్డు చదివే పిల్లల్లో నేను ఏడిపించలేని దూరంలో ఉన్నది ఆ ఒక్కతే. ఆ పిల్ల పరీక్ష రాయకపోతే నేను రాసేదంతా ఎందుకు?

మార్చి 5

శనివారం టెన్త్ పిల్లలకు ఫేర్‌వెల్. ఈ సంవత్సరం మన స్కూలు వార్తలు అని ఒకటి రాసి చదవమని మేడం మీనాక్షిని అడిగింది. తల అడ్డంగా ఊపింది.

గేటు దగ్గర పట్టుకుని, ఏం పాపా, గొంతు ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టొచ్చినావా అన్నాను. నవ్వలేదు. కాసేపు చెప్పు కొనతో మన్ను గీకి, నెలన్నర తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. బోర్డు వార్తలు గంగులమ్మకు పోతాండాయంట గదా, నిజమా అక్కా అంది. నిజమే అన్నాను. చదువుతుందా అంది. వీధంతా వినేటట్టు చదువుతుందంట, నీకు పోటీ అన్నాను.

గేటు దాటి పోయింది. ఏడిపించి ఉండకూడదేమో.

మార్చి 8

ఫేర్‌వెల్. లడ్డూ, మిక్చర్. పద్మనాభయ్య సారు ఉపన్యాసం. తర్వాత ఎవరూ పిలవకుండానే మీనాక్షి లేచి వచ్చింది. చేతిలో కాగితం లేదు.

ఈ సంవత్సరం వార్తలు అంది. బీరువాలో పుస్తకాలన్నీ ఇళ్లకు పోయాయి, ఎలుకలు వలస పోయాయి అంది. సుశీలమ్మ టీచర్ గురక గురించి అంది. అందరూ నవ్వారు. తర్వాత గొంతు కొంచెం తగ్గింది. జనవరిలో నేనొక వార్త చదివాను, అది ఒక పేపర్లోది, ఇంకో పేపర్లో ఇంకో రకంగా ఉంది, రెండింటిలో ఏదీ నేను కళ్లతో చూసింది కాదు అంది. చూసింది చెప్తా అంది. గంగులమ్మ మా క్లాసులో అందరికంటే బాగా వ్యాసం రాస్తుంది. బెంచీలో ఆమె చోటు నేనెవరికీ ఇవ్వలేదు. ఇంతటితో వార్తలు సమాప్తం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.  అప్పుడు సుశీలమ్మ ఒక్కతే మొదలుపెట్టింది. ఆపలేదు. తర్వాత అందరూ.

మెహబూబున్నీసా మిక్చర్ పొట్లం విప్పి, ఆ కాగితం మీదే గబగబా రాసుకుంటోంది. మిక్చర్ ఒళ్లో పోసుకుంది.

మార్చి 19

హాల్‌టికెట్లు వచ్చాయి. గంగులమ్మది ఇచ్చి రమ్మని మేడం నన్ను పంపింది.

బస్సు దిగగానే అరుగు మీద నలుగురు. ఎవురు మే నువ్వు, ఏ పార్టీ మనిషివి అని ఒకడు అడిగాడు. గంట పార్టీ అన్నాను. అదేం పార్టీ మే, ఎప్పుడు పెట్టినారు అన్నాడు. సాయంత్రం నేను గంట కొడితే రెండు పార్టీల పిల్లోల్లూ ఒకే గేట్లో పడి పోతారప్పా, మీ లీడర్లకు చేతనవుతాదా అన్నాను. ముగ్గురు నవ్వారు. నవ్వని వాడే లేచి ఇల్లు చూపించాడు.

గంగులమ్మ దొడ్లో మేకపిల్లకు సీసాతో పాలు పడుతోంది. వాళ్లమ్మ అక్కమ్మ నన్ను కూర్చోమనలేదు. పరీచ్చా లేదు ఏమీ లేదు, మొగోడు జైల్లో ఉండాడు, బస్సు అవతల పార్టీ వోల్ల ఊరి మీద పోతాది, ఆడ ఆపి ఎవురి కూతురివి అంటే ఈ పిల్ల ఏం చెప్పల్ల అంది.

మేడం పంపిందని చెప్పి హాల్‌టికెట్ బయటికి తీశాను. 

అక్కమ్మే మళ్లీ అడిగింది. అది సరే గానీ, ఆ బావిలో పడిన పిల్ల ఏమాయె? మా వీదోల్లంతా అడుగుతాండారు, ఆ మేనమామ నాకొడుకు తాడు వదిలేసినాడా? ముఖం చూస్తే నిజంగానే బాధపడుతోంది. అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు. లేదు వదినా, లాగినాడు, చుట్టుపక్కలోల్లంతా వచ్చి తలా ఒక చెయ్యి వేసినారు, బయటికొచ్చి తడి బట్టలతోనే పరీక్షకు పోయింది అన్నాను. అక్కమ్మ నన్ను పైకీ కిందికీ చూసింది. నువ్వు శానా తెలివైనదానివే అంది. అప్పుడు చాప వేసింది.

వచ్చేటప్పుడు గంగులమ్మ చేతికి హాల్‌టికెట్ ఇచ్చాను. చూసుకోలేదు. నిజంగానే బెంచీలో చోటు ఖాళీగా ఉందా అక్కా అంది. ఉంది, నేను ఒకసారి కునుకు తీద్దామని ఆడ కూర్చుంటే మీనాక్షి లేపింది అన్నాను. ఇది అబద్ధం కాదు.

అక్కమ్మ పంపిస్తానని మాత్రం అనలేదు.

మార్చి 25

రేపు తెలుగు పేపర్. బయటి నుంచి సార్లు వస్తారని బోర్డు తుడిపించారు. గదులు కడిగాను. బెంచీల మీద నంబర్లు వేశాను. ఒక నంబరు రెండుసార్లు దిద్దాను.

మార్చి 26, పొద్దున

మైలవరం బస్సు వచ్చింది. గంగులమ్మ లేదు. ఆ పిల్లను ఎలాగైనా తీసుకొస్తానని మాటిచ్చిన మెహబూబున్నీసా కూడా లేదు. మీనాక్షి గేటు దగ్గరే నిలబడి ఉంది. లోపలికి పో పాపా అంటే పోదు. గంటకు టైమవుతోంది. నాకు జోకు ఒక్కటి కూడా రాలేదు.

అప్పుడు ఖాజా మోపెడ్ వచ్చింది. ముందు ఖాజా, మధ్యలో మెహబూబున్నీసా, వెనక గంగులమ్మ, ఆ పిల్ల ఒళ్లో చేపల బుట్ట. బుట్టలోంచి కారే నీళ్లకు ముగ్గురూ తడిసిపోయారు.

మెహబూబున్నీసా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. తెల్లారకముందే అక్కమ్మే డ్యాం కాడికి మనిషిని పంపి ఖాజాను రమ్మందట. అక్కమ్మ భయపడిన ఆ ఊర్లో నిజంగానే ఆపారట. ఏం ఖాజా, చేపలెంత అన్నారట. బేరం చేశారట. ఈ పాప ఎవురు అని ఒకడు గంగులమ్మను చూపించాడట. ఇద్దరూ మా పాపలే సామీ, నీకు బొచ్చె కావల్నా, రోహు కావల్నా అన్నాడట ఖాజా. బొచ్చె తీసుకున్నారట.

ఖాజాను పొగుడుదామని పోతే, జరుగక్కా, ఎండెక్కితే సరుకు చెడిపోతాది అని వెళ్లిపోయాడు.

గంగులమ్మ, మీనాక్షి గేటు దగ్గర ఎదురెదురుగా నిలబడ్డారు. మీనాక్షి ఏదో అంది. ఏమందో వినపడలేదు. గంట కొట్టాల్సి వచ్చింది.

మార్చి 26, పదకొండు దాటింది

గంగులమ్మ లేచి అడిషనల్ షీటు అడిగింది. దారం ఇచ్చి వచ్చాను.

మళ్లీ లేచింది.